మూడడుగుల నీరు

శ్రావణ భాద్రపదములలో కృష్ణకు వరద వచ్చి నాగార్జునసాగరము గేట్లు ఎత్తిరను వార్త వినినంతనే వేలకొలది జనులు బస్సులలోను కార్లలోను బయలుదేరి పోవుదురు. 26 గేట్లనుండి ఒక్కుమ్మడిగ దూకు నీటిని చూచి పెద్దలు చేతులు జోడింతురు. పిల్లలు కేరింతలు కొట్టుదురు. ఆ దృశ్యము చూడదగినదే. కాని ఆనకట్ట ఘనత గేట్లకడ తెలియునది కాదు. గేట్లమీదుగా దుముకిన నీరు నదికి చెందినది. కాలువలో పారిన నీరే రైతునకు చెందినది. ఆ కాలువ తుదిని, కట్టకడపటి తూముక్రింద, కట్టకడపటి చేనిలో నీరు నిలిచెనా లేదా యని విచారించినవాడే సాగరమును చూచినవాడు. ఆ చేనిని చూడబోవు యాత్రికుడు లేడు. అచ్చటికి పోయి పుష్పములు చల్లు మంత్రియు లేడు. అందుచేత మేమీమారు గేట్లకడకు పోక బోనకల్లులో రైలు దిగితిమి.

బోనకల్లు ఖమ్మము జిల్లాలో విజయవాడకు పోవు రైలుమార్గముపై నున్న చిన్న యూరు. దాని చుట్టును ప్రత్తికిని మిర్చికిని పేరువడిన భూములు. ఈశాన్యముగా కొత్తగూడెము దాటినచో భద్రాచలపు అడవులు. దక్షిణముగా కొంత దూరము పోయినచో ఆంధ్రప్రదేశపు సరిహద్దు. ఈ యూరి పేరు సాగరము ఎడమకాలువ పటములో శాశ్వతముగ లిఖింపబడినది. పాలేరు జలాశయము దాటిన తరువాత ఎడమకాలువ నుండి చీలిన శాఖలలో నొకటి బోనకల్లు బ్రాంచి. ఇంజనీర్ల కాగితములలో నిత్యము వినబడు పేరిది. పేరునకు కొదువ లేదు. కొదువ యెల్ల నీటికే. ఆ శాఖ చివరి గ్రామములలో వరినారు పోసిన రైతు ఆకాశము వంక ఒకసారి, కాలువ వంక ఒకసారి చూచుచు దినములు లెక్కించుట యేటేట మనము వినుచున్న కథయే.

ఎండిన పిల్లకాలువ గట్టున మాకు కనబడిన ఒక వృద్ధ రైతు చెప్పిన మాట మేము మరువజాలము. “అయ్యా, నీళ్ళు ఇడిసినారని పేపర్ల రాసిండ్రు. మీరు రాసింది అబద్ధం గాదు. ఇడిసినారు. మా దాకా రాలే, అంతే” అనెను. ఆ మాటలో కోపము లేదు. కోపము లేకుండుటయే మమ్ము కలచివేసినది. నీరు రాకపోవుట అన్యాయమని కాక, ఋతుధర్మమని అతడు భావించు స్థితికి వచ్చినాడు. విడుదల వేరు, చేరిక వేరు. మన ప్రభుత్వములు మొదటిదానిని ప్రకటించి సంతసించును. రెండవదానిని కొలుచువారు లేరు.

ఈ జలాశయ మెట్లు వచ్చెనో ఒకమారు స్మరించుట యవసరము. మద్రాసు రాష్ట్రము వారు కృష్ణ నీటిని పెన్నకు మళ్ళించి దక్షిణమునకు కొనిపోవు కృష్ణా–పెన్నా పథకమును తలపెట్టిన కాలమున, నందికొండకడ ఆనకట్ట కట్టవలెనని తెలుగువారు ఆందోళన చేసిరి. బోనకల్లునకు చేరువనే, కృష్ణాతీరమున నున్న ముక్త్యాల జమీందారు వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాదు గారు అందు ముందు నిలిచినవారు. ఖోస్లా సంఘము 1952లో నందికొండ స్థలమునే యోగ్యమని నిర్ణయించినది. 1955 డిసెంబరు 10వ తేదీన జవహరులాల్ నెహ్రూ శంకుస్థాపన గావించిరి. ఇట్టి కట్టడములను నవభారత దేవాలయములని భావించిన ప్రధాని ఆయన. 1967 ఆగస్టులో ఇందిరా గాంధి ఇరువైపుల కాలువలకు నీరు విడిచిరి. కుడికాలువకు నెహ్రూ పేరు, ఎడమకాలువకు లాల్ బహదూరు శాస్త్రి పేరు పెట్టిరి. రాతితో కట్టిన ఆనకట్టలలో ఇంత యెత్తైనది ప్రపంచమున వేరొకటి లేదు. పునాదినుండి 124 మీటర్లు. యంత్రములు తక్కువగుటచే వేలాది కూలీలు రాయి కొట్టి, తట్టలు మోసి లేపిన గోడ యది. మనుష్యుల చేతులు కట్టిన కట్టడమని దానిని గూర్చి గర్వించుట మన హక్కు.

గర్వించు హక్కుతోబాటు ఋణము తీర్చు బాధ్యతయు గలదు. ఆ జలాశయము నిండుటకు ఒక లోయ మునిగినది. 1926లో ఏ. ఆర్. సరస్వతి గారు లోకమునకు తెలిపిన నాగార్జునకొండ, ఇక్ష్వాకుల రాజధానియగు విజయపురి, అచ్చటి స్తూపములు, విహారములు, స్నానఘట్టములు నీటి యడుగునకు పోయినవి. 1954 మొదలుకొని పురావస్తుశాఖవారు త్రవ్వి, వలసినవానిని ఎత్తి కొండపైనను అనుపులోను మరల నిలిపిరి. అందుకు వారిని మెచ్చుకొనవలెను. కాని శిలలను ఎత్తి పదిలపరచినంత శ్రద్ధతో ఆ లోయలో కాపురముండిన మనుష్యులను పదిలపరచితిమా? తాతతండ్రుల చేలు, గుడులు, శ్మశానములు విడిచి వారు లేచిపోయిరి. దిగువనున్న లక్షల ఎకరములు పచ్చబడునను మాటమీదనే వారిని లేపితిమి. కావున సాగరము నీరు మనకు ఉచితముగ దొరకినది కాదు. దాని వెలను మనమెరుగని యెవరో ముందే చెల్లించిరి. ఆ నీటిని ఒకడు వృథాచేసి, మరియొకనికి దక్కకుండ చేసినయెడల, దిగువ రైతునకే కాదు, లేచిపోయిన ఆ కుటుంబములకును ద్రోహము చేసినవాడగుచున్నాడు.

ఇక లెక్కకు వత్తము. కృష్ణాజలములను రాష్ట్రములకు పంచుటకు 1969లో ఏర్పడిన బచావతు ట్రిబ్యునలు నాగార్జునసాగరమునకు 281 టి.ఎం.సి.లను గుర్తించినది. అందు 17 జలాశయమునుండి ఆవిరియై పోవునది. మిగిలిన 264లో కుడికాలువకు 132, ఎడమకాలువకు 132. ఎడమకాలువ క్రింద నల్లగొండ, ఖమ్మము, కృష్ణా జిల్లాలలో మొదట ఏర్పరచిన ఆయకట్టు సుమారు 10 లక్షల 38 వేల ఎకరములు. ఒక టి.ఎం.సి. అనగా 100 కోట్ల ఘనపుటడుగులు. ఎకరమునకు 43,560 చదరపుటడుగులు. భాగించి చూచినచో ఒక టి.ఎం.సి. సుమారు 23 వేల ఎకరములలో ఒక అడుగు లోతున నిలుచును. 132 టి.ఎం.సి.లు 30 లక్షల ఎకరములలో ఒక అడుగు లోతున నిలుచును. దానిని ఆయకట్టు మీద పంచినచో ఎకరమునకు వచ్చునది మూడడుగులకు రవంత తక్కువ.

మూడడుగుల నీరు. ఎడమకాలువ రైతు హక్కు అంతయు ఈ రెండు మాటలలో నున్నది. సాగరము నిండిన యేటను ఇంతే. నిండని యేట ఇంకను తక్కువ. కాలువలోను పిల్లకాలువలలోను ఇంకిపోవునది, ఎండకు ఆవిరియగునది ఈ మూడడుగులలోనుండియే పోవలెను. ఇక వరిమడి సామాన్యముగ నాలుగడుగుల నీరు త్రాగును. ఇసుక పాలెక్కువగు చెలకలో వరి వేసినచో అదియు చాలదు. మొక్కజొన్న, వేరుసెనగ, ప్రత్తి వంటి ఆరుతడి పైరులకు దానిలో సగముతో సరిపోవును. ఈ లెక్క తెలిసియే ఇంజనీర్లు ఆదిలోనే ఏ భూమి మాగాణి, ఏ భూమి ఆరుతడి యని సర్వే నంబర్లవారీగా నిర్ణయించి యుంచిరి. ఆ నిర్ణయము నేడు కాగితములలో నిద్రించుచున్నది. కాలువ తలాపున నున్న ఆరుతడి భూములలో వరి నిలిచినది. ఐదడుగుల నీరు త్రాగిన ప్రతి యెకరము క్రింద ఒక యెకరము ఒట్టిపోవక తప్పదు. ఆ ఒట్టిపోయిన యెకరము ఎచ్చటనో లేదు; బోనకల్లు శాఖ చివర నున్నది.

పురాణములలో వామనుడు బలిచక్రవర్తిని అడిగినదియు మూడడుగులే. ధారపోయు వేళ కలశపు రంధ్రమునకు అడ్డుపడి నీరు జారకుండ చేసిన శుక్రాచార్యుని కథ మన యింటి పిల్లలకు కూడ తెలియును. శుక్రుడు మహాపండితుడు, తన శిష్యుని సంపదను కాపాడుటకే అట్లు చేసితినని ఆయన సమాధానము. అయినను ఆ యడ్డుపడుటకు ఫలముగ ఒక కన్ను పోయినది. రాత్రివేళ తూముకడ గోనెసంచులు క్రుక్కి, కాలువకు అడ్డముగ బండలు వేసి, గట్టుపై మోటార్లు బిగించి దిగువ నీటిని ఆపువారును తమ బిడ్డల సంపదను కాపాడుచున్నామనియే చెప్పుదురు. ఆ మాటలో నిజమును లేకపోలేదు. కాని ధారకు అడ్డుపడుట అడ్డుపడుటయే.

తలాపు రైతుల పక్షమున చెప్పదగిన మాటలు గలవు. వానిని దాచుట ధర్మము కాదు. వారిలో నొకడు మాతో వాదించెను: “మేము వరి వేయక ఏమి చేయుదుము? పైమడిలో నీరు నిలిచినచో ఊట దిగి క్రిందిచేను జవుకుపట్టును. అందు ప్రత్తి బ్రదుకదు, వరియే బ్రదుకును. పైగా వరి పండించినచో సర్కారు మద్దతు ధరకు ఊరిలోనే కొనును. మిర్చి పండించినచో ఖమ్మము మార్కెట్టులో ఏ నాడు ఏ ధర పలుకునో దేవునికే యెరుక.” ఈ వాదము బలమైనది. ప్రభుత్వము ఒక చేత వరిని కొనుచు, మరియొక చేత వరి వేయవద్దని కరపత్రములు పంచినయెడల రైతు కరపత్రమును విశ్వసించునా, కాటాను విశ్వసించునా? ఆరుతడి పైరులకు వరితో సమముగ నిలుకడగల ధరయు, కొనుగోలు కేంద్రమును ఏర్పరుపక పైరు మార్చుమని బోధించుట పస్తున్నవానికి ఉపవాస మాహాత్మ్యము చెప్పుట వంటిది.

అయినను ఈ వాదము తలాపు రైతునకు వరివేయు కారణమును చూపును గాని, చివరి రైతు నీటిని తీసికొను హక్కును చూపదు. నేల యెత్తుపల్లములచే నీటిపై స్వామ్యము కలుగదు. కాలువ ప్రభుత్వ ధనముతో, అనగా చివరి రైతు ధనముతో కూడ త్రవ్వబడినది. కాలువకు సమీపముగ భూమి యుండుట అదృష్టము; అదృష్టమును హక్కుగ భావించుట అక్రమము.

ఈ నియమము పాశ్చాత్యుల నుండి మనము నేర్చుకొనదగిన క్రొత్త సంగతి కాదు. తెలంగాణపు చెరువులక్రింద తైబంది యను కట్టుబాటు ఉండెను. చెరువులో నీరెంత యున్నదో చూచి, ఊరందరును కూర్చుండి, ఈ పంటకు ఎన్ని యెకరములు సాగుచేయవలెనో, ఎవరెవరికి ఎంత భాగమో ముందుగ నిర్ణయించుకొనెడివారు. నీరు తక్కువైన యేట పెద్ద రైతుకును చిన్న రైతుకును పాలు తగ్గెడిది. నీరటి యను పనివాడు తూము తెరచి, ఒక్కొక్క మడికి వంతు ప్రకారము నీరు కట్టెడివాడు. అతని మాటను దాటుట ఊరిలో తలవంపుగా నుండెడిది. ఆ కట్టుబాటులో లోపములు లేవని మేమనము. పెద్దకులముల పెత్తనము దానియందును గలదు. కాని నీరు చూచి నారు పోయుట అను వివేకము అందుండెను. చెరువు కన్నులయెదుట నుండును గనుక దాని కొలత అందరికి తెలిసెడిది. సాగరము నూరు కిలోమీటర్లకు మించిన దూరమున నున్నది. అది ఎన్నటికిని తరుగని సముద్రమను భ్రమ దాని పేరులోనే యున్నది.

ఆ భ్రమను విడువవలసిన కాలము వచ్చినది. జలాశయము కట్టిన నాడు దాని మొత్తము నిలువ 408 టి.ఎం.సి.లు. పూడిక పేరుకొనుటచే నేటి లెక్కలలో అది 312కు తగ్గినది. నీటిమట్టము 590 అడుగులుండగా నిండుకుండ. 510 అడుగులకు దిగినచో సాగునకు తీసికొనరాని స్థితి. ఎగువ నుండి వచ్చు నీరును నమ్మదగినది కాదు. 2023లో కృష్ణకు వరద చాలక సాగరము నిండలేదు. ఎడమకాలువ రైతు నష్టపడెను. 2024లో వరద పొర్లి గేట్లెత్తిరి. ఆ యేడు సెప్టెంబరు మొదటనే మహావర్షములకు సూర్యాపేట జిల్లా నడిగూడెము ప్రాంతమున ఎడమకాలువకు గండిపడి ఖమ్మము వైపునకు నీరు ఆగిపోయినది. కరవు యేట నీరు లేక, వరద యేట కాలువ లేక, రెండు విధములను దెబ్బ తినినవాడు చివరి రైతే. గేట్లకడ పండుగ జరుగుచుండగా తూముకడ ఎండిపోవు దుర్గతి లోకములో వేరెచ్చట గలదు?

ప్రభుత్వము ఏమియు చేయలేదని మేమనజాలము. ప్రపంచబ్యాంకు సాయముతో 2010లో ఆమోదింపబడిన 4,444 కోట్ల రూపాయల పథకము క్రింద సాగరపు కాలువలకు సిమెంటు పూత, తూముల మరమ్మతు మొదలగు పనులు జరిగినవి. 1997లో నాటి ఆంధ్రప్రదేశ్ శాసనసభ రైతులే నీటిని నిర్వహించుకొనవలెనని చట్టము చేసి నీటి వినియోగదారుల సంఘములను ఏర్పరచినది. ఆ చట్టపు ఉద్దేశము ఉత్తమమైనది. కాని సంఘములు క్రమముగ నామమాత్రములైనవి. కాంట్రాక్టుల కొరకు పోటీపడినంతగా నీటి పంపకము కొరకు ఎవరును పోటీపడలేదు. కాలువ గట్లపై తిరుగవలసిన లష్కరులు తగినంతమంది లేరు. ఉన్న కొలదిమంది రాత్రివేళ గొడ్డళ్ళు, గడ్డపారలు పట్టుకొని వచ్చువారిని ఎదిరింపజాలరు. సిమెంటు పూసినంతమాత్రమున న్యాయము పారదు. కాలువకు పూత ఎంత యవసరమో, కావలి అంత యవసరము.

ఇంకొక సంగతి మనసు విప్పి చెప్పవలసియున్నది. 2014లో రాష్ట్రము రెండైన తరువాత సాగరము రెండు ప్రభుత్వముల నడుమ తగవైనది. 2023 నవంబరు చివరను, తెలంగాణలో ఎన్నికల పోలింగు జరుగు దినముననే, ఆంధ్రప్రదేశపు పోలీసులు ఆనకట్టపైకి వచ్చి సగము గేట్లను స్వాధీనపరచుకొని కుడికాలువకు నీరు విడిచిరి. పిమ్మట కేంద్రపు బలగములు కాపలాకు వచ్చినవి. నెహ్రూ దేవాలయముగ భావించిన చోట ముళ్ళకంచె వెలసినది. ఆ దినమున రెండు పక్షముల వీరావేశమును మేము చూచితిమి. ఆవేశపడినవారిలో ఒక్కడైనను బోనకల్లు చివరి తూమును తలచెనా?

ఎడమకాలువ రాష్ట్ర సరిహద్దును దాటి తిరువూరు, నూజివీడు వైపునకు పోవుచున్నది. ఆ కాలువకు చెందిన 132 టి.ఎం.సి.లలో సుమారు 32 ఆంధ్రప్రదేశపు భాగము. నల్లగొండ రైతు తూము బిగించినచో బోనకల్లు రైతు ఎండును. బోనకల్లు వారు తూము బిగించినచో సరిహద్దు కవతల ఆంధ్రప్రదేశపు రైతు ఎండును. నిన్న ఒకే రాష్ట్రములో నున్న ఈ ముగ్గురు ఒకే బాధ పడువారు. నేడు ఒక్కొక్కడు తన పై వానిని దొంగయనియు, తన క్రింది వానిని పరాయివాడనియు పిలుచుచున్నాడు. ఇచ్చట ఒక సత్యము గమనింపదగినది. ఈ నదిమీద కేవలము తలాపువాడు గాని, కేవలము చివరివాడు గాని లేడు. ప్రతివాడును ఒకనికి చివర, మరియొకనికి తలాపు. కర్ణాటకమువారు ఆలమట్టి గేట్ల యెత్తు పెంచెదమనినప్పుడెల్ల దిగువవారి హక్కు పోవుచున్నదని మనము ట్రిబ్యునలు ముందు మొరపెట్టుకొనుచున్నాము. ఆ మొర న్యాయమైనదే. కాని ట్రిబ్యునలు కడ దిగువవాని ధర్మశాస్త్రమును చదివి, ఇంటికి వచ్చి కాలువగట్టున ఎగువవాని ధర్మశాస్త్రమును ఆచరించువాని మాటకు విలువ యెక్కడిది?

ఇక గోదావరి వచ్చుచున్నది గదా, చింత యేల అనువారు గలరు. భద్రాద్రి ప్రాంతమునుండి గోదావరి నీటిని ఎత్తిపోసి ఖమ్మము జిల్లాకు తెచ్చి సాగరపు కాలువకు కలుపు సీతారామ ఎత్తిపోతల పథకమునకు 2016లో శంకుస్థాపన జరిగినది. 2024 ఆగస్టు 15న పంపులు ప్రారంభింపబడినవి. ఈ పథకము ఫలించవలెనని మేము కోరుదుము. కాని రెండు సంగతులు మరువరాదు. కృష్ణ నీరు పల్లమునకు తానుగా పారును. గోదావరి నీటిని విద్యుత్తు ఖర్చుచేసి ఎత్తవలెను. అట్లు వెలపెట్టి తెచ్చిన నీరును పాత అలవాటు గల పాత కాలువలోనే పడినచో, పాత తూముకడనే ఆగిపోవును. పంపకము సరిగా లేని యింటికి ఎంత ధాన్యము తెచ్చినను చివరి పంక్తికి గంజియే మిగులును.

రెండవ సంగతి మరింత బరువైనది. అదే గోదావరిపై, భద్రాచలమునకు దిగువ, పోలవరము ఆనకట్ట లేచుచున్నది. దాని ముంపు కొరకై 2014లో ఖమ్మము జిల్లానుండి చింతూరు, కూనవరము, కుకునూరు, వేలేరుపాడు మొదలగు మండలములను విడదీసి ఆంధ్రప్రదేశమున కలిపిరి. అచ్చటి కోయలు, కొండరెడ్లు గోదావరి వరద పెరిగిన ప్రతి యేట తమ సామాను మోసికొని గుట్టలెక్కుచున్నారు. నాగార్జునకొండ లోయవారు చెల్లించిన వెలనే నేడు వారు చెల్లించుచున్నారు. మైదానములోని మనకు నీరు తక్కువైన ప్రతిసారి అడవిలోని మరియొకని ఇల్లు ముంచి తెచ్చుకొనుట యేనా మార్గము? ముందు మన పాలునకు వచ్చిన మూడడుగుల నీటిని నేర్పుతో పంచుకొని, అప్పటికిని చాలనప్పుడు మరియొక నదివంక చూచుట మర్యాద.

మరి చేయవలసిన దేమి? మా యభిప్రాయములో నైదు పనులు తక్షణ కర్తవ్యములు. మొదటిది: ప్రతి మేజరు తలను, ప్రతి మేజరు తుదిని నీటి కొలత పరికరము నిలిపి, ఆ యంకెలను గ్రామ పంచాయతీ గోడమీద ప్రతిదినము వ్రాయవలెను. ఎంత విడిచిరో గాక ఎంత చేరెనో ప్రభుత్వము ప్రకటింపవలెను. రెండవది: వారబందీలో చివరి తూమునుండి తలాపునకు వంతు పెట్టవలెను. మొదటి తడి చివరివానికి దక్కినచో తలాపువానికి నష్టము లేదు. అతని గట్టు ప్రక్కనే కాలువ యున్నది. మూడవది: జూను జూలైలలో జలాశయమట్టమును చూచి, ఏ శాఖక్రింద ఎంత వరి, ఎంత ఆరుతడి యని తైబంది నిర్ణయించి, విడుదల తేదీని నారు పోయుటకు ముందే తెలుపవలెను. ఆరుతడి పైరులకు కొనుగోలు హామీ దానితోబాటే యుండవలెను. నాల్గవది: నీటి సంఘములకు క్రమముగ ఎన్నికలు జరిపి, ప్రతి సంఘములోను చివరి మూడవ భాగపు రైతులకు సగము స్థానము లుంచవలెను. ఐదవది: ఎడమకాలువకు రెండు రాష్ట్రముల రైతులు, ఇంజనీర్లు గల ఉమ్మడి సంఘము నేర్పరచి, ఆ సంఘపు సమావేశములను రాజధానులలో గాక కాలువ చివరి గ్రామములలో జరుపవలెను. ఎండిన చేని గట్టున కూర్చుండి మాట్లాడినవాని మాట తీరు వేరు.

ఈ పత్రిక పాఠకులలో కాలువ తలాపున భూములు గలవారు అనేకులున్నారు. పట్టణములలో నుండి కౌలుకిచ్చి పంట తీసికొనువారును గలరు. వారికి మా విన్నపము వేరుగా నున్నది. చట్టము రాత్రివేళ ప్రతి తూముకడ నిలువజాలదు. మీ చేనిక్రింద నున్న తూము మీ చేతిలోనిది. మీ కౌలుదారు ఏ పైరు వేయవలెనో నిర్ణయించు మాట మీది. గ్రామములో మీ మాట చెల్లును. మీరు బండ తీయించినచో మరి నలుగురు తీయుదురు, మీరు మోటారు బిగించినచో మరి నలువది మంది బిగింతురు. దానధర్మములు చేయువారు మీలో గలరు. గుడులు కట్టించువారు గలరు. కాలువలో మీ పాలు మీరు తీసికొని తక్కినది క్రిందికి పోనిచ్చుట దానము కూడ కాదు. ఇతరుని సొమ్ము నితరునికి దక్కనిచ్చుట మాత్రమే. అయినను ఈ కాలమున అదియే గొప్ప ధర్మముగ నున్నది.

వచ్చు వర్షాకాలమున సాగరము నిండవచ్చును, నిండకపోవచ్చును. అది వరుణుని వశము. వచ్చినది వంతు ప్రకారము చేరుట మాత్రము మన వశము. ఆ వృద్ధ రైతు మా వార్తను అబద్ధమనలేదు; నీరు తమ దాకా రాలేదనెను. నీరు వచ్చినదని బోనకల్లు శాఖ చివరి తూముకడనుండి ఆయనచేతనే చెప్పించుకొని వ్రాయు దినము కొరకు మేమెదురు చూచుచున్నాము. మా పత్రికలో ఆనకట్టను గూర్చి అచ్చుపడవలసిన మొదటి శుభవార్త యదియే.